రెండు గంటల సముద్రం

ఠంగుమంటే కీ గట్టిగా ఉన్నట్టు, డొప్పుమంటే వదులైనట్టు. కీమేన్ పైడయ్య చదివిన చదువంతా అదే. అరకు స్టేషన్లో బయల్దేరి, పట్టాల కీలు సుత్తితో కొట్టి చూసుకుంటా నడిస్తే సొరంగం మూతికి రెండు గంటలు. మళ్లీ వెనక్కి రెండు. బక్క మనిషి. సుత్తి మోసి మోసి కుడి భుజం జారిపోయి, పక్కనించి చూస్తే ఎవరి మాటలో నక్కి వింటున్నట్టుంటాడు.

ఇవాళ మాత్రం దెబ్బలు బేగి బేగి పడతన్నాయి.

తెల్లారగానే టెలిగ్రాం వచ్చింది. పోర్ట్ బ్లెయిర్లో అక్క యర్రమ్మకి సీరియస్, బయల్దేరమని. తల్లి పోతే చంకనేసుకుని పెంచిన అక్క. మొగుడితో కూలికని డెబ్బై ఒకటిలో ఓడెక్కింది. పదకొండేళ్లయింది చూసి.

"ఓడకి మూడ్రోజులు బాబూ. అందుకోలేను."

స్టేషన్ మాస్టరు సర్వేశ్వరరావు గోడమీది రైల్వే మేపు మీద స్కేలు పెట్టాడు. మేపులో సముద్రం చాలక స్కేలు గోడమీదికి పోయింది.

"కలకత్తా దాకా నీకు పాసుంది. అక్కణ్నించి విమానం. పదమూడొందల కిలోమీటర్లు, రెండే గంటలు. టిక్కెట్టుకి గేంగంతా తలో చెయ్యీ వేస్తున్నాం. మధ్యాన్నం గూడ్సులో నీ బదులు మనిషొస్తాడు, అదే బండెక్కి పో. అందాకా బీటు తిరిగిరా."

"రెండు గంటలేటి, ఆటలాడతన్నారా? సొరంగం దాకా నడిసినంత సేపేనా?"

"అంతే. కిటికీ పక్క సీటడుగు. అందులో కూడా కీలు కొడతానని సుత్తట్టుకెళ్లేవు, దించేస్తారు!"

మొదటి అడుగు నించీ పైడయ్య ఆ విమానాన్ని పక్కనే నడిపించుకొస్తన్నాడు. ఔటర్ సిగ్నల్ దాటేసరికి కలకత్తా వెనకపడింది. వలిసె చేల పూల పసుపు అయిపోయిన చోట సముద్రం మొదలు. సంతకి అడ్డాకుల కట్ట మోసుకెళ్తన్న సోములమ్మ ఎదురైంది.

"ఏటన్నా, రైలు గానీ తరుముతందేటి?"

"ఇమానం, సోములమ్మా! బేగి తప్పుకో, రెక్క తగుల్తాది!"

నవ్వాడు గానీ కాలు ఆగలేదు. వంతెన మీద సగం సముద్రం. కింద గెడ్డ నీళ్ల హోరు. ఒక కీ డొప్పుమంది. నాలుగడుగులు దాటిపోయాడు. తనని తనే తిట్టుకుంటా వెనక్కొచ్చి బిగించాడు. ఆ కాసేపూ విమానం గాల్లోనే ఆగింది.

సొరంగం మూతి దగ్గర చెమట తుడుచుకుని, చొక్కా గుండీ పెట్టుకుని, చీకట్లోకి అన్నాడు.

"అక్కా, ఒచ్చీసినాను."

తిరిగొచ్చేసరికి గూడ్సు నిలబడుంది. బదులు మనిషి దిగాడు. సర్వేశ్వరరావు ఇంకో టెలిగ్రాం పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఎదురొచ్చాడు.

పైడయ్య సుత్తి కింద పెట్టాడు.

"ఎప్పుడు బాబూ?"

"పొద్దున్న ఎనిమిదికట. సాయంత్రానికల్లా మట్టి చేసేస్తారు."

ఎనిమిదికి తను వంతెన మీదున్నాడు.

గూడ్సు కూతేసి కదిలింది. పైడయ్య అది పోయిందాకా చూసి, ఉత్త చేతులూపుకుంటా మళ్లీ సొరంగం వేపే నడిచాడు.

విమానంలో వేసుకెళ్తాడని మాస్టరుగారు తన పెట్టెలోంచి తీసి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఆఫీసు గదిలో కుర్చీ మీద ఇంకా వెచ్చగానే ఉంది.