హాలుకు మారిన ఆదివారం భోజనం

మహమ్మారి పోయింది కానీ, కెనడాలోని సాస్కటూన్‌లో ఉండే బహాయీ మతస్థులకు ఒకరింట ఒకరు తినే అలవాటు మాత్రం తిరిగి రాలేదు. పందొమ్మిది రోజులకోసారి జరిగే విందుకు హాలుకు వచ్చేవారు. ప్రార్థనలు చదివి, సభవారి ప్రకటనలు విని, నిలబడ్డచోటే రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని కార్లెక్కేసేవారు. అది చూసి చూసి విసుగెత్తిన తూబా ఒకనాడు అందరికీ ఫోన్లు చేసింది.

"ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రండి. ఇంట్లో ఏముంటే అది తెచ్చుకోండి. ఏమీ లేకపోతే ఆకలి తెచ్చుకోండి," అంది.

తూబా డెబ్బై దాటిన మనిషి. ఇరాన్ నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చింది. భర్త పోయి చాలా కాలమైంది. షిరాజ్‌ నగరంలో ఆమె చిన్నతనంలో బహాయీలు నలుగురు ఒకచోట చేరాలంటే ఆ మతం గిట్టనివాళ్ళ భయం, అందుకని భోజనం వంక పెట్టుకుని చేరేవారు. కలిసి తినకపోతే మనుషులు ఒకరికొకరు మిగలరన్న నమ్మకం ఆమెకు అక్కడ ఏర్పడిందే.

ఈ పనిలో ఆమెకు తోడు మర్లీన్. ఉక్రెయిన్ నుంచి వచ్చిన రైతుల మనవరాలు, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. తూబా ఈ ఊళ్ళో దిగిన మొదటి చలికాలంలో, మంచు మీద జారిపడకుండా నడవడం చెయ్యి పట్టుకుని నేర్పింది ఆమే. అప్పటి నుంచీ ఇద్దరి మధ్యా దాపరికం లేదు.

మొదటి ఆదివారం వచ్చింది నలుగురే. ఎండాకాలం వచ్చేసరికి కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చుని తినసాగారు. తూబా అన్నం గిన్నెను పళ్ళెంలో బోర్లించగానే, అడుగున బంగారు రంగు తిరిగిన కరకరలాడే పెచ్చు కోసం పెద్దవాళ్ళు కూడా కొట్టుకునేవారు.

"ఆ అంచు ముక్క నాది. ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను," అనేవాడు డెస్మండ్. అతను ఊరి బహాయీలు ఎన్నుకున్న సభకు కార్యదర్శి.

"కార్యదర్శివి కదా నాయనా, ముందు తీర్మానం పెట్టు," అని మర్లీన్ ఎత్తిపొడిచేది.

చలి మొదలైన రోజుల్లో ఒకనాడు తూబా పొయ్యి మీద నూనె పెట్టి, వాకిట్లో మంచు తోయడానికి వెళ్ళి, పొరుగావిడతో మాటల్లో పడిపోయింది. లోపలికి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. పొయ్యి వెనక గోడ నల్లగా మాడిపోయింది. మంటను మూత పెట్టి ఆర్పింది. మర్లీన్‌ని పిలిచింది. ఇద్దరూ కూర్చుని సాయంత్రం దాకా గోడ తోమారు.

"ఎవరికీ చెప్పకే. తెలిస్తే నా మీద జాలిపడతారు. జాలిపడేవాళ్ళు తినడానికి రారు, నన్ను చూసిపోవడానికి వస్తారు," అంది తూబా.

"నేనెందుకు చెప్తానే? నా నోటంట రాదు."

ఆ తరవాతి విందులో, ప్రార్థనలు అయ్యాక డెస్మండ్ లేచి సభ నిర్ణయాలు చదివాడు. ఇకమీదట ఆదివారం భోజనాలు హాల్లోనే జరుగుతాయి. వంతులవారీగా వండుతారు. తిన్నాక ఒక ప్రసంగం ఉంటుంది. ఇన్నాళ్ళూ శ్రమపడ్డ తూబాకు కృతజ్ఞతలు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం జరిగిందో అర్థం కాక తూబా కూడా నవ్వింది.

తరవాత డెస్మండ్ దగ్గరికొచ్చి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ మంట సంగతి విన్నప్పటి నుంచీ మా ఆవిడకు నిద్ర లేదు తూబా గారూ. మీకేమైనా అయితే మేమేమైపోవాలి?"

తూబా తలతిప్పి చూసింది. మర్లీన్ గది చివర కప్పులు ఒకదానిలో ఒకటి పేరుస్తోంది. తల ఎత్తలేదు. ఆమె కూడా సభ సభ్యురాలే.

మర్లీన్ తనను కార్లో ఇంటికి దిగబెడుతున్నప్పుడు తూబా అడిగింది. "ఎప్పుడు చెప్పావు?"

"సభలో మాట్లాడుకున్నవి బయట చెప్పకూడదు. నీకు తెలుసుగా."

"సభ మాట బయటికి రాకూడదు. నా మాట మాత్రం సభలోకి పోవచ్చు. బాగుంది."

మర్లీన్ కారు పక్కకు ఆపింది. "భయమేసిందే. ఇంటి నిండా జనం, పిల్లలు. కాలిన ఒళ్ళు నేను కళ్ళారా చూశాను. నువ్వు చూడలేదు."

"భయమేస్తే వచ్చి నా పక్కన నిలబడాలి. పొయ్యి నువ్వే చూసుకోవాలి. నా వంటింటి గురించి నాకు తప్ప అందరికీ చెప్పావు."

"నీకు చెప్తే వినేదానివా?"

తను వినేది కాదని తూబాకూ తెలుసు. అది తెలిసినందుకు ఒళ్ళుమంట ఇంకా ఎక్కువైంది. కారు దిగి, తలుపు మెల్లగా వేసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరితోనైనా చెప్పుకుని ఏడుద్దామంటే దారి లేదు. ఎదుట లేనివాళ్ళ తప్పు ఎంచడం బహాయీ ధర్మంలో అన్నిటికన్నా నీచమైన పని. చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూ పెరిగింది. మర్లీన్ ఆ గీత దాటేసింది, తను దాటలేకపోయింది.

హాల్లో భోజనానికి ఒకసారి వెళ్ళింది. వంతువాళ్ళు వండకుండా హోటలు నుంచి తెచ్చిన కూరలు రేకు పళ్ళాల్లో చల్లారిపోతున్నాయి. అందరూ ప్రసంగానికి దించిన తెర వైపు తిరిగి, బడిపిల్లల్లా వరసగా కూర్చుని తిన్నారు. ప్రసంగం ఇంకా సాగుతుండగానే కోట్లు తొడుక్కుని ఒక్కొక్కరే జారుకున్నారు. చలికాలం ముదిరేసరికి ముందు వరస కూడా నిండడం మానేసింది.

తూబా డెస్మండ్‌కు ఫోన్ చేసింది. "మా ఇంటికి ఎవరినైనా భోజనానికి పిలిస్తే సభకు అభ్యంతరమా?"

"అయ్యో, మీ ఇల్లు, మీ ఇష్టం. మేమెవరం కాదనడానికి?" అన్నాడతను. ఆపైన గొంతు తగ్గించి, "నేనూ రావచ్చా?" అన్నాడు.

ఆ బుధవారం ఏడుగురు వచ్చారు. తూబా పొయ్యి ముందు కుర్చీ వేసుకుని, వంట అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. అందరూ కూర్చున్నాక బెల్లు మోగింది. గుమ్మంలో మర్లీన్, చేతిలో బంగాళాదుంప కూరిన పిండివంట గిన్నె. ఎవరూ పిలవలేదు. అయినా వచ్చింది.

"లోపలికి రా, చలి," అంది తూబా. గిన్నె అందుకుంది, పళ్ళెం పెట్టి అందరికంటే ముందు ఆమెకే వడ్డించింది. ఆ ఇంట్లో ఎవరికీ అన్నం లేదనడం ఆమెకు చేతకాదు.

జనం వెళ్ళిపోయాక మర్లీన్ గిన్నెలు తుడుస్తూ అడిగింది. "రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?"

కార్లో ఆ మాటలైనప్పటి నుంచీ తూబాకు కంటి మీద కునుకు లేదు.

"బాగా పడుతోంది," అంది తూబా, మర్లీన్ తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఆమె చేతికిస్తూ.