పాలిష్ పెట్టిన బ్రేకులు

మెకానిక్‌కు తన అక్క మొగుడంటే ఒళ్లుమంట. బూటు దగ్గర్నుంచి తలుపు గడియ దాకా కనపడ్డ ప్రతిదానికీ పాలిష్ పెట్టే మనిషాయన. ఆయన కారు ముందు చక్రాల బ్రేకు డిస్కులు అరిగి అంచులు లేస్తే, మెకానిక్ సైజు కొలిచి, కొత్త డిస్కులూ, వాటిని నొక్కి పట్టే ప్యాడ్లూ తానే ఎంచి తెచ్చి, డిస్కుల మీది నూనె జిడ్డంతా తుడిచి మరీ బిగించాడు. "బావా, వీటి మీద చెయ్యి కూడా పెట్టకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే బావ షెడ్డుకొచ్చి నిప్పులు చెరిగాడు.

"పనికిమాలిన వెధవా! బ్రేకు తొక్కితే ఆగకుండా తిన్నగా పోయి నా గేటునే గుద్దిందిరా!"

మెకానిక్ వాళ్లింటికి వెళ్లి, చక్రం విప్పి, డిస్కు మీద వేలు పెట్టాడు. వేలు సర్రున జారింది. ఆ వేలు తెచ్చి బావ ముక్కు దగ్గర పెట్టాడు. గుప్పున పాలిష్ వాసన.

"ఏంటిది?"

"చక్రం సందుల్లోంచి మాసినట్టు కనపడుతుంటే కాస్త మెరుపు పెట్టాను. తుడిచేస్తే పోలా?"

"డిస్కులైతే తుడవచ్చు. ప్యాడ్లు పాలిష్ తాగేశాయి, పారెయ్యాల్సిందే. నీకు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే."

"నలుగురూ చూసే కారురా అది!"

వంగిపోయిన గేటు ముందు అప్పటికే ఇరుగుపొరుగంతా పోగయ్యారు. మెకానిక్ వాళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"చూస్తున్నారుగా బావా, కళ్లారా!"