ఎడమ డొక్క

"గడ్డి గడ్డే. దానికి మళ్ళీ చదువొకటా?" అని తుర్దుకుల్ పదిహేడేళ్ళుగా అంటున్నాడు. అతని భార్య బురుల్చా పదిహేడేళ్ళుగా పాలు పితుకుతోంది. ఆవు ముందురోజు ఏం తిన్నదో ఆమెకు నురగ చూస్తే తెలుస్తుంది. ఉత్త బార్లీ గడ్డి మీద ఉంచితే పాలు నీళ్ళలా జారతాయి, కవల పిల్లల్ని మోస్తున్న గొర్రెలు ఆఖరి నెలలో కూలబడతాయి. ఎండు లూసర్న్ గడ్డి పడితే మీగడ వేలికి అంటుకుంటుంది. అదే లూసర్న్ పచ్చిగా, మంచుతడితో, ఖాళీ కడుపున మేస్తే పశువు ఉబ్బి గంటలో చస్తుంది. ముందు ఒక మోపు ఎండుగడ్డి వేసి వదలాలి. లేదంటే ఉబ్బరం తేని ఎస్పర్సెట్ గడ్డి విత్తనం చల్లుకోవాలి. సగం పొలంలో చల్లుదామని మూడు వసంతాలు అడిగింది. "లూసర్న్ మూడు కోతలిస్తుంది. నీ గడ్డి ఒక్కటిస్తుంది. నోరు మూసుకో," అన్నాడు. అత్త నవ్వింది. కోడలి మాటకు నవ్వడం తప్ప ఆవిడకు ఆ ఇంట్లో వేరే పని లేదు.

ఆ ఉదయం బురుల్చా నారిన్ నది ఒడ్డుకు నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి ఆవు తడి లూసర్న్‌లో ఉంది. మొగుడు గట్టు మీద సిగరెట్ కాలుస్తున్నాడు. ఇంటికి తోలేలోపే ఆవు ఎడమ డొక్క డోలులా లేచింది. వాకిట్లో కూలబడి నాలుక బయటపెట్టింది.

"కోసేద్దాం. చచ్చాక తినడానికైనా పనికిరాదు," అని తుర్దుకుల్ కత్తి తీశాడు. ఆవు మెడ దాకా తెచ్చి జారవిడిచాడు. బతికించే తెలివి లేదు, చంపే ధైర్యమూ లేదు. ఆమె కత్తి అందుకుంది.

"ఒసే, ఆడది పశువు మీద కత్తి పెడుతుందటే!"

"కొయ్యడం లేదత్తా."

పక్కటెముకల వెనక, తుంటి ఎముకకు బెత్తెడు ముందు పొడిచి, గాటు మూసుకోకుండా కత్తి తిప్పి పట్టుకుంది. పులిసిన కంపు గాలి బుస్సుమని వచ్చింది. ఆవు బతికింది.

సాయంత్రం ఇరుగుపొరుగు మగవాళ్ళు చూసిపోదామని వచ్చి టీకి కూర్చున్నారు.

"కళ్ళు మూసుకుని ఒకటే పోటు!" అన్నాడు తుర్దుకుల్.

"మగాడంటే మావాడు," అంది అత్త.

బురుల్చా గిన్నెల్లో టీ పోస్తోంది. అంతలో పక్కింటి ఎశెనాలి రొప్పుతూ వచ్చాడు. "అన్నా, మా ఆవు కంచె తెంచుకుని లూసర్న్‌లో పడింది. ఉబ్బిపోయింది. నువ్వే దిక్కు, రా!"

తుర్దుకుల్ కత్తి తీసుకుని లేచాడు. ఆమె పక్కన వంగి, "ఏ పక్క?" అని గొణిగాడు.

ఒక్క మాట అందిస్తే చాలు. ఆవు బతుకుతుంది, ఇతని పేరు పక్క ఊరికి పాకుతుంది. ఇన్నేళ్ళ కాపురమంతా అదే. ఆమె అందించింది, అతను చెప్పుకున్నాడు. తప్పు పక్క చెప్పాలనీ అనిపించింది. కానీ ఆవేం చేసింది పాపం.

"ఎడమ," అంది, గదంతా వినేటట్టు. "పొద్దున నేను పొడుస్తుంటే చూడలేదా? ఓహో, కళ్ళు మూసుకున్నారుగా."

ఎవరూ నవ్వలేదు. ఆమె అతని చేతిలోని కత్తి లాక్కుని, ఆ చేతిలోనే టీ కెటిల్ పెట్టింది.

"నేనొచ్చేదాకా వీళ్ళకు పొయ్యండి. సగం గిన్నెకే. నిండా పోస్తే లేచి పొమ్మన్నట్టు. అది కూడా తెలియదేమో మీకు."