రెండో వైపు పట్టీ

"సాయంత్రం కొనేవాళ్ళు వస్తారు. ఆ పట్టీలు పీకేసి బండి తుడిచి ఉంచు," అని ఆర్డరేసి ఆయన ఆఫీసుకి బైకెక్కి వెళ్ళిపోయాడు. కారు తలుపుల మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా అంటించిన రబ్బరు పట్టీలవి. అంచులు లేచి, మట్టి పట్టి, అచ్చం పాత చెప్పుల్లా ఉన్నాయి. పీకడానికి ఓ స్క్రూడ్రైవరు కూడా దయచేశాడు మహానుభావుడు.

ఆమె దాన్ని పక్కన పడేసింది. దాంతో పొడిస్తే రంగు లేచిపోదూ? కొత్త గిన్నె మీద స్టిక్కరు ఎలా తీస్తాం? కాస్త వేడి చూపిస్తే బుద్ధిగా ఊడొస్తుంది. వంటింటి కిటికీలోంచి వైరు లాగి, జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి, కారుకి తలారబెట్టింది. జిగురు మెత్తబడగానే పట్టీ వెనకాల నైలాను దారం దూర్చి, రెండు చేతులా రంపంలా ఇటూ అటూ లాగింది. మెడ పట్టేసింది. "నువ్వైనా మాట్లాడవే," అంది కారుతో. పగలంతా ఆ ఇంట్లో ఆమెకి బదులిచ్చేది కుక్కరొక్కటే.

అసలీ పట్టీలు ఆమె వల్లే వచ్చాయట. పెళ్ళైన కొత్తలో డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, మొదటిసారి బండి బయటికి తీస్తూ గేటుకి రాసింది. అంతే! వచ్చిన ప్రతి చుట్టానికీ ఆయన అదే కథ. "మా ఆవిడ గేటుకి షేక్‌హ్యాండిచ్చిందండీ! గీత కప్పడానికి పట్టీ వేయించా. ఒకవైపే అయితే బాగోదని రెండువైపులా!" అత్తగారు వంత పాడేవారు: "గరిటె తిప్పినట్టే అనుకుందేమో, పాపం!" అందరూ నవ్వేవాళ్ళు. కాఫీ కప్పులు అందిస్తూ ఆమే అందరికంటే గట్టిగా నవ్వేది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు కదా. కారు తాళాలు మాత్రం మళ్ళీ ముట్టలేదు. అక్క ఉండే ఊరు గంట దూరం. "ఒకసారి రావే, నిన్ను చూడాలనుంది," అని అక్క అడిగినప్పుడల్లా, "ఆయన ఖాళీ చూసుకుని వస్తామే," అనడమే. ఆ ఖాళీ ఇంతవరకూ పుట్టలేదు.

గేటు తగిలిన వైపు పట్టీ ఊడింది. నూనె గుడ్డతో జిగురు తుడిచి, కళ్ళు చికిలించి వెతికింది. ఉంది. పిల్లి గోరంత గీత. ఇన్నేళ్ళూ దీనికా!

రెండో వైపుకి వెళ్ళింది. మళ్ళీ వేడి, మళ్ళీ దారం. పట్టీ ఊడగానే చెయ్యి ఆగిపోయింది. జానెడు సొట్ట. దాని పొడవునా ఎవరి బండిదో పసుప్పచ్చ రంగు. తమ ఇంటి గేటు నలుపు. ఈ వైపు ఆమె దేనికీ తగిలించలేదు.

నేల మీదే చతికిలబడింది. ఏడుపూ రాలేదు, అలవాటైన నవ్వూ రాలేదు.

ఫోను మోగింది. "ఏంటి, పట్టీ పీకావా?"

"ఆ. రెండువైపులా."

"రెండో వైపు కూడానా? ఆ సంగతే మర్చిపోయా... అప్పుడెవడో అడ్డమొచ్చి..."

"కొనేవాళ్ళని రావద్దని చెప్పండి. అక్క దగ్గరికి నేను బండేసుకుని వెళ్తా."

"నువ్వా? మళ్ళీ గేటుకి..." అని మొదలెట్టి, మధ్యలో ఆపేశాడు.

ఆమె లేచి చీర దులుపుకుని, డ్రైవరు సీట్లో కూచుంది. కాళ్ళు అందలేదు. సీటు ఇన్నేళ్ళూ ఆయన కాళ్ళకి తగ్గట్టే ఉంది మరి. కింద మీట పట్టుకుని, ముందుకి లాక్కుంది.