ఆలస్యపు అద్దం

చరిత్ర పరిషత్తు మ్యూజియంలో పొద్దున పని ఎప్పుడూ ఒకటే. కిటికీలు తెరవాలి, బీరువాల దుమ్ము దులపాలి, నిలువుటద్దం మీద గుడ్డ తియ్యాలి. ఆ అద్దం పాతికేళ్ళు ఆలస్యం. ఇవాళ ఎదురుగా నిలబడితే, పాతికేళ్ళ కిందట అక్కడ నిలబడ్డవాళ్ళు కనిపిస్తారు. పరిశోధకులు కుర్చీలు వేసుకుని, వెనకటి కాలర్లూ జుట్టుముడులూ చూసి రాసుకుంటారు. తల దువ్వుకోవాలంటే వరండాలో వేరే అద్దం ఉంది.

లేబుళ్ళమ్మ అక్కడి వస్తువులకు చీటీలు రాస్తుంది. ఆవిడ తండ్రి ఒకప్పుడు ఇక్కడే పుస్తకాల బైండరు. చిన్నప్పుడు ఆయన పోయినప్పుడు ఆవిడ మనసు మొద్దుబారింది, అలాగే ఉండిపోయింది. వండుతుంది, పెడుతుంది, పడుకుంటుంది. కూతురు ఏం చెప్పినా "ఊఁ" అంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు నాన్న అద్దంలోకి వచ్చి తల దువ్వుకుని వెళ్ళాడు. అప్పట్నుంచీ రోజూ వస్తున్నాడు. ఈమధ్య బాగా చిక్కిపోయాడు. ఇక మంచం పడతాడు, ఆ మంచం మీంచి లేవడు. నాన్న రెండోసారి పోతున్నాడు, ఈసారైనా ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు.

"ఇవాళే ఆఖరనుకుంటానమ్మా," అన్నాడు గుమాస్తా బాబాయి. ఆయన బైండరుకి పాత స్నేహితుడు.

"ఊఁ."

"ఇంట్లో కూడా ఇంత సోకుగా దువ్వుకునేవాడా?"

"ఇంట్లో దువ్వెన ఎక్కడుందో కూడా తెలీదు ఆయనకి."

"అదే మరి. డాక్టరు జబ్బు సంగతి చెప్పిన మర్నాడే మొదలెట్టాడు. నీ మొహం నీకే కనపడని అద్దంలో ఏం చూసుకుంటావురా అన్నాను. 'నాకు కాదులే, మా పిల్ల పెద్దయి ఇటు రాకపోతుందా' అన్నాడు."

అంతలో నాన్న వచ్చాడు. మందులకి జుట్టంతా రాలిపోయింది. జేబులోంచి దువ్వెన తీసి, ఆ బోడిగుండు మీద శ్రద్ధగా పక్కపాపిడి తీశాడు. ఇటు తిరిగి, అటు తిరిగి, బాగుందా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

లేబుళ్ళమ్మ నవ్వింది. కందెన లేని తలుపులా కిర్రుమంది ఆ నవ్వు. ఆ వెంటనే, ఇన్నాళ్ళూ ఈ అద్దం ముందు తనెలా నిలబడిందో గుర్తొచ్చి భయమేసింది. ఆ మొద్దు మొహాలన్నీ అద్దం లోపలే ఉన్నాయి, పాతికేళ్ళకి బయటికొస్తాయి.

ఆ సాయంత్రం కూతురు బడి కబురేదో మొదలెట్టింది. "ఉండు, పొయ్యి ఆపి వస్తా. మొదట్నించీ చెప్పు," అంది తల్లి. ఒంట్లో బాగాలేదేమోనని పిల్ల కంగారుపడింది.

మర్నాడు అద్దంలో వెనక గోడ తప్ప ఎవరూ లేరు. లేబుళ్ళమ్మ జడ విప్పి, తీరిగ్గా దువ్వుకుంది. వెళ్ళేముందు ఆ గోడకేసి చూస్తూ, పెద్దయి ఇటు రాబోయే కూతురికి నాలుక చాపి వెక్కిరించింది.