నలభై ఒకటో ముద్ద

"భోజనాల కాడ నువ్వుంటే నాకు ఏ దిగులూ ఉండదు అరుణా" అన్నాడు జయకర్, నేను అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకు గుండీలు పెట్టుకుంటూ. ప్రొద్దుటూరులో మేమిద్దరం పనిచేసే కాలేజీలో ఆ రోజు డిగ్రీ, పీజీ పిల్లల పరిశోధనా సదస్సు. ఆయన ఎకనామిక్స్ శాఖాధిపతి, సదస్సుకు కన్వీనరు. నేను అదే శాఖలో పదిహేడేళ్లుగా పార్ట్‌టైమ్ లెక్చరర్ని, ప్రతి సదస్సుకూ భోజనాల కమిటీని. కమిటీ అంటే నేనొక్కదాన్నే. "ఎంతమందికి చెప్పినావు?" అన్నాడు. నూట ఇరవై అన్నాను. "నూట ఇరవై ఒకటి చెప్పలేదు గదా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు మా పెళ్లికున్నంత వయసుంది. ఇంటికి ఎవరొచ్చినా ఈ మాట పడాల్సిందే. "మా ఆయమ్మికి నలభై లెక్కబెట్టమంటే నలభై ఒకటి వస్తాదప్పా" అంటాడు, వాళ్లు నవ్వుతారు, నేను ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోతాను. అట్లా పోయిన ప్రతిసారీ నాకు జానీబీ గుర్తొస్తుంది.

తొంభై నాలుగు చలికాలం. ఎన్నికలు. నేను కడపలో ఎమ్మే రెండో సంవత్సరం, జయకర్ నాకంటే ఒక ఏడాది ముందు, అప్పటికే పీహెచ్‌డీలో చేరాడు. మా ఇద్దరికీ పెళ్లి మాట అయిపోయింది. ఆ రోజుల్లో పేపరు తెరిస్తే మా జిల్లా కథలే. ఎవరి మిద్దె మీద ఎన్ని బాంబులు దొరికాయి, ఎవరు ఏ పార్టీలోకి దూకారు, ఎవరికి బెయిలొచ్చింది. ఒక ఊరి ఫ్యాక్షన్ నాయకుణ్ణి అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఆ పెద్దాయన ఇంటి చుట్టూ కాపలాకు నలభై మంది మగవాళ్లు దిగారని రాసేవాళ్లు గానీ, ఆ నలభై మందికి మూడు పూటలా వండి పోసిందెవరో ఒక్కడూ రాయలేదు. నా పరిశోధన పేపర్లో నేను రాస్తానన్నాను. మా సార్లు నవ్వారు, సరే పొమ్మన్నారు.

జమ్మలమడుగు దాటి పెన్న అవతల ఒక ఊరు. దాని పేరు అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. మా అమ్మ జమ్మలమడుగు మిషన్ బళ్లో టీచరు. ఆమె దగ్గర పిల్లల్ని చదివించుకున్న జానీబీ ఆ ఊళ్లో వంటకు పోయేది. "మా టీచరమ్మ కూతురు, పనికి సాయమొచ్చింది" అని చెప్పి నన్ను పెద్దాయన ఇంటి వెనక రేకుల కొట్టంలోకి తీసుకుపోయింది. కొత్త మగవాడు ఆ వీధిలో అడుగుపెడితే తిరిగి వస్తాడని నమ్మకం లేదు. ఆడపిల్లను మాత్రం ఎవరూ కన్నెత్తి చూడలేదు. పదకొండు రోజులు పొద్దున పోయి, పొద్దుగుంకేలోపు చివరి బస్సుకు వచ్చేశాను. కొట్టంలో జానీబీతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు. కూలీ లేదు. పెద్దాయన పొలం కౌలుకు చేసుకునేవాళ్లు, ఆయన బెయిలిప్పించిన వాళ్ల పెళ్లాలు. పిలిస్తే పోవాలి, అంతే. గంగాళంలో రాగిసంగటి కెలకడానికి ఇద్దరు కావాలి, ఒకరు తెడ్డు తిప్పితే ఒకరు కాళ్లతో అదిమి పట్టాలి. పొగకు కళ్లు మండి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నోట్సు రాసుకునేదాన్ని. జానీబీ నన్ను చూసి ఎగతాళి చేసేది. "ఏందమ్మీ, మేం చెమట కారిస్తే నువ్వు సిరా కారుస్తాండావు?" ఎంత నవ్వుకున్నామో ఆ కొట్టంలో. బయట కత్తులు నూరుతున్నారు, లోపల మేం ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నాం. మళ్లీ అంత హాయిగా నవ్వినట్టు నాకు గుర్తులేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి అరుగు మీది నుంచి కేక వినిపించేది, "నలభై!" అని. పెద్దాయన మనిషి నలభై ముద్దలకు సరిగ్గా పిండి కొలిచి ఇచ్చేవాడు. వండే ఆడవాళ్లు ఏం తింటారని ఎవరికీ తోచలేదు. ఇంటికి పోయి తింటారులే అనుకున్నారు. ఇళ్లలో పొయ్యి వెలిగించే మనిషి ఇక్కడుంటే అక్కడ ఏముంటుంది తినడానికి? అందుకని జానీబీ ముద్దలు కట్టాక ఒక్కొక్కదానిలో చిటికెడు చిటికెడు గిల్లేది. నలభై చిటికెళ్లు కలిపితే ఒక ముద్ద. దాన్ని వాళ్లు ఆరుగురూ గోడవైపు తిరిగి కూర్చుని, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి నంజుకుని తినేవాళ్లు. నేను పోయినాక ఏడు పాళ్లయ్యాయి. నా పాలు ఉసిరికాయంత. వద్దంటే జానీబీ కొట్టేటట్టు చూసింది. "రాసుకో. ముద్దలు నలభై ఒకటని రాసుకో. ఎవరి కోసమో మాత్రం చెప్పొద్దు. తెలిస్తే మమ్మల్ని దొంగలంటారు" అంది. నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ పేపరు కడపలో విద్యార్థుల సదస్సుకు ఎంపికైంది. ఇంకో నాలుగు రోజులుందనగా ఆ ఊళ్లో రెండు తలకాయలు తెగాయి, బస్సులు ఆగిపోయాయి. "మాకు నువ్వు కావాల, నీ పేపరు కాదు" అన్నాడు నాన్న. అప్పుడొచ్చాడు జయకర్. "నేను చదువుతాలే. నా పేరుతో ఉంటే నీ జోలికి ఎవరూ రారు. నీ పేరు తర్వాత చేరుద్దాం" అన్నాడు. నాకు ఎంత ప్రేమ పొంగిందో! అందులో సగం నిజంగా ప్రేమే, నేను కాదనను. పేపరు ముందేసుకుని ఎర్ర పెన్నుతో దిద్దాడు. "తినేది నలభై మంది అయితే ముద్దలు నలభై ఒకటి ఎట్లయితాయే?" అన్నాడు. అది నిజమే అన్నాను. ఎట్లా నిజమో చెప్పమన్నాడు. ఒట్టు గుర్తొచ్చి తల వంచుకున్నాను. "ఎమ్మే ఎకనామిక్సు! నలభై లెక్క రాదు" అని పదకొండు చోట్లా నలభై ఒకటి కొట్టేసి నలభై రాశాడు. సదస్సులో గొంతెత్తి బ్రహ్మాండంగా చదివాడు. మూడో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

అదే ఆయన పీహెచ్‌డీలో రెండో అధ్యాయమైంది. నా ఎంఫిల్ మాటెత్తితే మా అత్త "ఇద్దరూ పుస్తకాలు పట్టుకుంటే పొయ్యి ఎవరు పట్టుకుంటారే?" అంది. కొన్నేళ్లకు ఆ ఊళ్లో నరుక్కున్న రెండు వర్గాలూ ఒకే పార్టీలో చేరి వియ్యమందుకున్నాయి. నా పేరు మాత్రం ఇంకా ప్రమాదంలోనే ఉండిపోయింది.

సదస్సు మొదలైంది. నేను వంటవాళ్లకూ హాలుకూ మధ్య పక్కవాకిలి దగ్గర నిలబడ్డాను. ఒక పీజీ అబ్బాయి కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ బూడిద చుట్టుపక్కల పొలాలను ఏం చేసిందో చెప్పాడు. మైదుకూరు పిల్ల ఒకతె కాలువ నీళ్ల గురించి చెబుతూ మూడు గ్లాసుల నీళ్లు తాగింది. కాగితాలు పట్టుకున్న ఆ చేతుల్ని చూస్తుంటే ముచ్చటేసింది. అవి నావే అనిపించింది కూడా. ఆఖరున పులివెందుల పిల్ల షాహీదాబీ లేచింది. బీఏ మూడో సంవత్సరం. గైడు జయకరే. ఆయన పాత పేపరులోని ఊరి పేరు ఆయన్నే అడిగి తెలుసుకుని, ఆ ఊరికే మళ్లీ పోయి ముసలివాళ్లను అడిగి వచ్చింది. తెర మీద పట్టిక పడింది. తిన్నవాళ్లు నలభై, ముద్దలు నలభై ఒకటి.

నా చేతిలో పప్పుగరిటె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

తిరుపతి నుంచి వచ్చిన ప్రొఫెసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "మీ సార్ పేపర్లో నలభై ఉందమ్మా. నీది తప్పా, సార్‌ది తప్పా?" హాలు నవ్వింది. ముందు వరసలోంచి జయకర్ మైకు తీసుకున్నాడు. "ఫీల్డులో ఇట్లాంటి పొరపాట్లు మామూలే సార్. అప్పుడు నాకూ వచ్చింది, నేను దిద్దుకున్నా. ఈ పాపా దిద్దుకుంటాది." ప్రొఫెసరు మార్కుల కాగితం మీద ఏదో కొట్టేశాడు. షాహీదాబీ ముఖం ఎర్రబడింది, కానీ కూర్చోలేదు. "తప్పు కాదు సార్. ఆడ జానీబీ అవ్వ అని ఉండాది. డెబ్భై ఏళ్లు. నలభై ఒకటే అని ఒట్టేసి చెప్పింది. ఎవురికవ్వా ఆ ముద్ద అంటే చెప్పలే. 'పొగలో దగ్గుతా రాసుకున్న పిల్ల ఉండాది, ఆయమ్మికి తెలుసు. పెద్దాయన పోయినాడు, ఇంగ మాకేం భయం, చెప్పొచ్చని ఆయమ్మికి చెప్పు' అనింది. ఆ పిల్లెవురో నాకు దొరకలేదు సార్."

"ముసలామెకు మతి ఉండదులేమ్మా. ఆడికి పోయింది నేను" అన్నాడు జయకర్. నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు నవ్వే నవ్వే అది.

ఇరవై ఏళ్లు నేను దాచింది జానీబీ ఒట్టునని అనుకున్నాను. నిజానికి ఆ ఒట్టు చాటున జయకర్ పరువును కూడా కాపాడుతూ వచ్చాను. ఆ మాట ఇంతకాలం నాకు నేనే చెప్పుకోలేదు. ఈ పిల్ల ఇప్పుడు నలభై ఒకటిని కొట్టేసి నలభై అని రాసుకుని కూర్చుంటే, రేపు ఆమె ఇంట్లో కూడా ఎవడో ఒకడు ఈ నవ్వే నవ్వుతాడు. గరిటె వాకిలి గట్టు మీద పెట్టాను. కొంగుకు చేతులు తుడుచుకుని, వరసల మధ్యలోంచి మైకు వైపు నడిచాను. ఇంటికి పోయినాక ఏమవుతుందో ఆలోచించకపోలేదు. ఆలోచిస్తూనే నడిచాను.

జయకర్ తల తిప్పి చూశాడు. మైకు ఆయన చేతిలోనే ఉంది. "ఏం అరుణా, భోజనాలు రెడీనా?" అన్నాడు. హాలంతా లేవబోయింది.

"అందరూ కూర్చోండి" అన్నాను. ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. "షాహీదా, నీ లెక్క దిద్దొద్దు. ఆ నలభై ఒకటో ముద్దలో ఏడో పాలు నేను తిన్నాను."