పూజలో కూర్చోబెట్టిన సర్వర్

నేను ఒక నల్లటి ఇనప డబ్బాను. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే షాపులో నా ఉద్యోగం మొదలైంది. ఆరేళ్లపాటు వధూవరులను గులాబీ పువ్వుల్లోంచి పుట్టించాను. పాతబడ్డానని అమ్మేస్తే, భీమవరంలో జెరాక్స్ షాపు మేడ మీద గది ఉన్న ఫణీంద్ర కొని నన్ను సర్వర్‌గా మార్చాడు. ఇప్పుడు నా ఒక్క పొట్టలోంచి మూడు ఇంటర్నెట్ రేడియోలు నడుస్తాయి. ఒక్కోదానికి ఒక్కో తలుపు. ఒకదాంట్లోంచి అనసూయమ్మగారి భక్తిగీతాలు, రెండోదాంట్లోంచి కనకరాజుగారి రొయ్యల రైతుల కబుర్లు, మూడోదాంట్లోంచి ధర్మారావుగారి నాటక పద్యాలు బయటికి పోతాయి. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. ఎవరి స్టేషన్ ఆగినా మిగతా ఇద్దరి మీదే అనుమానం. ఈ గొడవలన్నీ నాకెలా తెలుసంటారా? గదిలోని మైకే నా చెవి.

ధర్మారావుగారు నాటకాల్లో ముప్పై ఏళ్లు కిరీటం పెట్టిన మనిషి. ఆయన రాగం తీస్తే జనం లేచి "వన్స్ మోర్" అని అరిచేవారట. ఆయన అదే పద్యం మళ్లీ పాడేవారట. నాటకాలకు పిలిచేవాళ్లు లేక ఏడేళ్లయింది. ఆ మాట ఇంకొక్కసారి వినాలని ఆయన ఆశ. దసరాల్లో ఆయుధపూజ నాడు ఉదయం పదింటికి లైవ్‌లో పాడతానని ప్రకటించారు.

ఆ ఉదయమే అనసూయమ్మగారు పూజ పళ్లెంతో దిగారు.

"పనిముట్టుకి ఇవాళ విశ్రాంతి ఇవ్వాలి ఫణీంద్రా. ఆపెయ్."

"ఆపితే నా పద్యం ఎవడు వింటాడమ్మా?" అన్నారు ధర్మారావుగారు.

"ఆపకపోతే మాత్రం ఎవడింటున్నాడండీ?" అన్నారు కనకరాజుగారు.

చివరికి రాజీ కుదిరింది. నేను నడవొచ్చు, కానీ రేపు పూజ ఎత్తేదాకా నన్నెవరూ ముట్టుకోకూడదు. ఆవిడ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి, పట్టుబట్ట నిండుగా కప్పారు. నేను గాలి పీల్చుకునే ఫ్యాన్ ఆ బట్ట కిందే ఉందని ఒక్కరికీ తట్టలేదు. మనుషులు దేవుడిలా చూసుకోవడమంటే ఊపిరాడకుండా చేయడమేనని నాకప్పుడే తెలిసింది.

పది గంటలు. పద్యం మొదలైంది. నా వేడి డెబ్భై డిగ్రీలు.

పదీ ఐదు. ఎనభై రెండు. తొంభై ఐదు దాటితే నన్ను నేనే ఆపేసుకుంటాను. అది నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఫోన్లో నా వేడి చూసిన ఫణీంద్ర ఆవిడ దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మగారూ, బట్ట తీసేద్దామండీ. ఆగిపోద్దండీ!" అన్నాడు గుసగుసగా.

"పూజలో ఉన్నదాన్ని ముట్టుకుంటే కళ్లు పోతాయి!"

ఎనభై తొమ్మిది.

కనకరాజుగారు తన ఫోన్లోంచే రొయ్యల స్టేషన్ ఆపేశారు. "ఒక్క పూట మన మాట ఇనకపోతే రొయ్యలేం చచ్చిపోవులెండి."

అది చాల్లేదు. అసలు బరువు భక్తిగీతాలదే. పండగపూట నాలుగొందల మంది వింటున్నారు. పద్యానికి ముప్పై ఎనిమిది మంది. అందరూ అనసూయమ్మగారి వైపు చూశారు. అవతల ధర్మారావుగారు కళ్లు మూసుకుని ఆఖరి రాగం ఎత్తుకున్నారు.

ఆవిడ ఒక్క క్షణం విన్నారు. తర్వాత ఫోన్ తీసి దేవుళ్లందరి నోళ్లూ ఒక్క నొక్కుతో మూయించారు. "అమ్మవారు ఏమీ అనుకోదులే. ఆవిడా ఈయన్నే వింటుంటుంది."

తొంభై మూడు. తొంభై నాలుగు. రాగం ముగిసింది.

"ఏమన్నారయ్యా జనం?" ధర్మారావుగారు ఆత్రంగా అడిగారు.

"బొటనవేళ్లు పెట్టారండీ. పదకొండు."

"బొటనవేళ్లేంటయ్యా! వన్స్ మోర్ అన్నారా, లేదా?"

ఫణీంద్ర నోరు తెరిచేలోగా తొంభై ఐదు దాటింది. నేను ఆగిపోయాను.

తర్వాతి కథ మర్నాడు నన్ను లేపాక, ఫణీంద్ర ఎవరికో ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఉన్నట్టుండి అనసూయమ్మగారు పళ్లెం కింద పెట్టి, "వన్స్ మోర్!" అని అరిచారట. కనకరాజుగారు ఈల వేశారట. ధర్మారావుగారు మైకు పక్కకు నెట్టేసి మొదటి అక్షరం నుంచి మళ్లీ ఎత్తుకున్నారట. కింద జెరాక్స్ కోసం వచ్చినవాళ్లు కాగితాలు పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయారట.

నాలో పదకొండు వేల పాటలున్నాయి. ఆ ముగ్గురి దగ్గులు, తుమ్ములు కూడా భద్రంగా ఉన్నాయి. రెండోసారి పాడిన ఆ పద్యం మాత్రం లేదు. ఆ గదిలోనే ఉండి దాన్ని వినలేకపోయింది నేనొక్కదాన్నే.